నేల మీంచి లేవడం

12 ఆగస్టు 1968, సోమవారం, తెనాలి

ఇవాళ క్లాసుకి ఎవరూ రాలేదు. మిగిలిన ఇద్దరు ఆడపిల్లల్లో ఒకరికి పెళ్ళి కుదిరింది. రెండో అమ్మాయిని స్టేషను రోడ్డులో కొత్తగా పెట్టిన డాన్సు స్కూల్లో చేర్చారు. అక్కడ సినిమా పాటలకి నేర్పుతారట. నేర్పనీ.

నాకు బాధేమీ లేదు. నాకు యాభై ఆరేళ్ళు. అందులో ఎనిమిదేళ్ళు బొంబాయి ట్రూపుతో దేశమంతా తిరిగి ఆడాను. దేవుడి కథ, నాయిక విరహం ఏవీ లేకుండా, మనిషి నడకతో, నిలబడటంతో నాట్యం కట్టవచ్చునని అక్కడే తెలుసుకున్నాను. ఈ ఊరొచ్చాక పందొమ్మిదేళ్ళు పిల్లలకు అడుగులు నేర్పుతూ ఆ సంగతి పక్కన పెట్టేశాను. ఇప్పుడు తీరిక దొరికింది. కొత్త నాట్యం ఒకటి కడతాను. నేనే ఆడతాను.

మోకాలు బాగానే ఉంది.

19 ఆగస్టు

మధ్యాహ్నం రెండింటికి వరండా మెట్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకావిడ పొట్టిగా, నెరిసిన జుట్టుతో, మాట్లాడాలో వద్దో తెలియనట్టు ఉంది. రెండో ఆమె చేతిలో ఖాళీ చేపల గంప.

మొదటావిడ పేరు సుబ్బరత్నం. మారీసుపేటలో ఉంటారట. వైశాఖంలో భర్త పోయారు. అరవై ఒక్క ఏళ్ళు.

"మా డాక్టరు గారు రోజూ కాసేపు ఒళ్ళు కదిలించమన్నారండి. మీ దగ్గరికి రావచ్చా?" అన్నారు.

"నడవండి. కాలవ గట్టుందిగా" అన్నాను.

"ఒక్కదాన్నీ గట్టు మీద నడుస్తుంటే కనిపించినవాళ్ళంతా ఎక్కడికని అడుగుతున్నారండి. ఏం చెప్పాలో తెలియడం లేదు."

గంపతో ఉన్నామె కల్పించుకుంది. "నేను తోడొచ్చానమ్మా. పిచ్చమ్మంటారు, రేపల్లె నుంచి వస్తా. ఇరవై ఏళ్ళబట్టీ ఈవిడ గారింటికి ఎండుచేపలు ఇచ్చేది నేనే. నాలుగింటి బండిదాకా నాకూ పని లేదు."

"నీ వయసెంత?"

"ఎవరికి తెలుసమ్మా! మనవరాలికి పెళ్ళయింది."

పొమ్మనాలనుకున్నాను. ఎందుకో రేపట్నుంచి రమ్మన్నాను. ఖాళీ వరండా కంటే నయం. నా కొత్త నాట్యానికి వెనక నిలబడే మనుషులు కూడా కావాలి.

23 ఆగస్టు

మోకాలు బాగానే ఉంది. మెట్లు దిగేటప్పుడు కుడికాలి మీద భారం వేస్తే ఏ ఇబ్బందీ లేదు.

2 సెప్టెంబరు

పక్కింటి ఏసమ్మ కూడా చేరింది. బడిలో ఆయాగా చేసి మొన్న వేసవిలో దిగిపోయింది. గోడమీంచి వారం రోజులు చూసి, "ఉత్తినే చూసేకంటే చేస్తే పోలా" అంటూ వచ్చేసింది. ముగ్గురూ కలిపితే నూట ఎనభై ఏళ్ళుంటాయి.

పిల్లలకు నేర్పినట్టే మొదలుపెట్టాను. అరమండి, అంటే మోకాళ్ళు పక్కలకు తెరిచి సగం కూర్చుని నిలబడటం. ఏసమ్మ గోడ పట్టుకుంది. సుబ్బరత్నం గారి మోకాళ్ళు ముందుకే వంగాయి. పిచ్చమ్మ నేరుగా గొంతుక్కూర్చుంది.

"సగమే కూర్చోవాలి పిచ్చమ్మా!"

"సగం కూర్చోడమేంటమ్మా, కూర్చుంటే కూర్చోవాలి, లేకపోతే నిలబడాలి."

పట్టుదలగా నేర్పితే వస్తుంది. నాకు చేతకాని పిల్ల ఇంతవరకూ లేదు.

14 సెప్టెంబరు

రాలేదు. పన్నెండు రోజులయింది, ఒక్క అడుగూ రాలేదు. పిచ్చమ్మ మళ్ళీ నేలమీద చతికిలబడి నవ్వింది. ఏసమ్మా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

"గంపలు మోసే ఒంటికి నాట్యం ఎక్కుతుందా! నాదే బుద్ధి తక్కువ" అన్నాను.

"ఎక్కదమ్మా" అంది పిచ్చమ్మ. కోపంగా అనలేదు. గంప తీసుకుని వెళ్ళిపోయింది. బండికి ఇంకా గంట ఉంది.

17 సెప్టెంబరు

పిచ్చమ్మ రాలేదు. సుబ్బరత్నం గారు వచ్చి, ఏమీ చేయకుండా గోడవారన కూర్చుని వెళ్ళిపోయారు. పిచ్చమ్మ లేకపోతే నాట్యానికి లోటేమీ లేదు.

18 సెప్టెంబరు

లోటేమీ లేదు.

19 సెప్టెంబరు

పొద్దున్నే బండెక్కి రేపల్లె వెళ్ళాను. ఏదో పనుందని ఏసమ్మతో చెప్పాను.

ప్లాట్‌ఫారం మీద గంపల ఆడవాళ్ళు పది పన్నెండు మంది ఉన్నారు. పిచ్చమ్మ నన్ను చూడలేదు. స్తంభం పక్కన నిలబడి చూశాను. ఆమె గంప ముందు కూర్చుంది. ఒక చెయ్యి నేల మీద, రెండోది తొడ మీద. ఊపిరి పీల్చుకుని కాసేపు ఆగింది. ఎదురుగా ఉన్నామె గంప ఒక పక్క పట్టింది. పిచ్చమ్మ తల వంచి గంప కిందికి దూర్చింది. ముందు నడుము లేచింది, తరవాత వీపు, ఆఖర్న మెడ. అంత బరువుతో లేచి నిలబడేసరికి గంప మీద గుడ్డ కూడా జరగలేదు. ఎక్కడా చిటికెడు బలం వృథా చేయలేదు. తొందరన్నదే లేదు.

బొంబాయిలో మా మాస్టారు మాచేత ఏళ్ళ తరబడి సాధన చేయించింది ఇదే. మాకెవరికీ ఇంత బాగా రాలేదు.

దగ్గరికి వెళ్ళి, "తప్పు మాటన్నాను పిచ్చమ్మా" అన్నాను.

"అన్నారు" అంది. "మళ్ళీ అనకండి. ఇదుగో, మా అక్క గంప ఇంకా కిందే ఉంది. ఆ పక్క పట్టండి."

పట్టాను. చీరకి పట్టిన ఎండుచేపల వాసన ఇంకా వదల్లేదు. పద్నాలుగేళ్ళ పిల్లకి కుట్టిన రవికెని ఇన్నాళ్ళూ వీళ్ళకి తొడిగించబోయాను. తప్పు వీళ్ళ ఒంటిది కాదు, నా కత్తెరది.

7 అక్టోబరు

ఎన్నో ఏళ్ళ తరవాత ఇంత బాగా పని జరుగుతోంది. వాళ్ళకి నేర్పడం మానేశాను. వాళ్ళకి అలవాటైన పనులే చేయమని చూస్తున్నాను. చూసినదాన్ని పేర్చి కట్టుకుంటున్నాను.

పిచ్చమ్మ ఖాళీ తలతో నడిస్తే బరువు కనిపిస్తుంది. ఏసమ్మది ముప్ఫై ఏళ్ళు బడిగంట కొట్టిన చెయ్యి. ఆ చెయ్యి లేచి, ఆగి, పడే తీరు చూసి మృదంగం హనుమయ్య గారు వాయించడం ఆపేశారు. "ఇక్కడ నా అవసరం లేదమ్మా, ఆ చేతిలోనే తాళం ఉంది" అన్నారు. డెబ్భై ఏళ్ళ మనిషి, ఎవరినీ ఊరికే మెచ్చుకోరు.

సుబ్బరత్నం గారికి ప్రత్యేకంగా ఏమీ రాదు. నెమ్మది. వెనక మూల నిలబెట్టాను.

16 అక్టోబరు

బాపట్ల మహిళామండలి నుంచి ఉత్తరం. కార్యదర్శి కుసుమకుమారి గారు రాశారు. నవంబరు 24న వార్షికోత్సవం, మీ శిష్యురాళ్ళ చేత ఒక నాట్యం పెట్టించమని. నలుగురం వస్తామని రాశాను. వయసులు రాయలేదు. ఆవిడ అడగలేదు కనక.

28 అక్టోబరు

చివరి ఘట్టం కుదిరింది. ముగ్గురూ ఒక్కొక్కరే నేల మీద కూర్చుండిపోతారు. అప్పటికే నేలకి ఒరిగి ఉన్న నేను, చేతుల ఊతం లేకుండా, మూడు తాళాల్లో ఒంటరిగా లేచి నిలబడతాను. మొత్తం నాట్యం దానికోసమే. ముసలితనం మీద మనిషి గెలవడం.

ఇవాళ నాలుగుసార్లు చేస్తే మూడుసార్లు లేచాను. నాలుగోసారి చీర కాలికింద పడింది.

4 నవంబరు

ఆరుసార్లలో మూడు. నేల జారుడుగా ఉంది.

హనుమయ్య గారు మృదంగం సర్దుకుంటూ, "ప్రమీలమ్మా, ఆఖర్న ఒక చెయ్యి నేలకి ఆనిస్తే తప్పేంటి?" అన్నారు.

"అప్పుడది నాట్యం కాదు, లేవలేకపోవడం" అన్నాను.

11 నవంబరు

సుబ్బరత్నం గారి కొడుకు వచ్చాడు. బసవేశ్వరరావు. ధాన్యం వ్యాపారం, ముప్ఫై అయిదేళ్ళుంటాయి, మర్యాదస్తుడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా అమ్మ మీ దగ్గరికొస్తుంటే కాలక్షేపమనుకున్నానండి. బాపట్లలో స్టేజీ ఎక్కిస్తున్నారంట. నాన్న పోయి ఏడాది తిరగలేదు. నలుగురూ ఏమంటారు?"

నేను నోరు తెరిచేలోపు వెనక మూల నుంచి సుబ్బరత్నం గారు అన్నారు. "ఒరే, ఆరేళ్ళు నేను ఆ గది దాటి బయటికి రాలేదు. అప్పుడు నలుగురూ ఏమన్నార్రా?"

"ఏమంటారు? ఏమీ అనలేదు."

"అప్పుడేమీ అననివాళ్ళు ఇప్పుడేమంటే నాకేంటి?"

అతను చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఆవిడ కొంగు నడుముకి దోపుకున్నారు. మూలలో తన చోటికి వెళ్ళి నిలబడ్డారు.

ఏ గది, ఎందుకు అని నేను అడగలేదు. రిహార్సలుకి ఆలస్యమవుతోంది.

18 నవంబరు

అయిదింటిలో ఒకటి. స్టేజీ మీద వేరు. జనం ముందు నా ఒళ్ళు ఎప్పుడూ మాట తప్పలేదు. మోకాలు బాగానే ఉంది.

24 నవంబరు, ఆదివారం, బాపట్ల

బాగా జరిగింది. చాలా బాగా జరిగింది. చివర్లో సుబ్బరత్నం గారు వచ్చి నన్ను లేపడం జనానికి బాగా నచ్చింది. అలా పెట్టాలని నేను ముందే అనుకున్నాను.

25 నవంబరు

పొద్దున స్టేషనుకి కుసుమకుమారి గారు స్వయంగా వచ్చారు. "నిన్న పిల్లలు రాలేదని ముందు మీమీద కోపమొచ్చిందండి. ఇప్పుడు చెబుతున్నాను, మా మండలిలో ఇంత మంచి నాట్యం నేను చూడలేదు. ఆ చివరిది, ఆవిడ మిమ్మల్ని లేపేది, అసలు ఎలా తట్టింది మీకు?"

"బొంబాయిలో ఉన్నప్పటి ఆలోచనండి" అన్నాను.

సుబ్బరత్నం గారు పక్కనే ఉన్నారు. బండి వస్తోందేమోనని పట్టాల వైపు చూస్తున్నారు.

26 నవంబరు

ముందే అనుకున్నాను. రిహార్సల్లో చెప్పలేదు, అంతే.

28 నవంబరు

పిచ్చమ్మ శుభవార్త తెచ్చింది. బాపట్లలో మా నాట్యం చూసిన రైస్‌మిల్లు యజమాని కోటేశ్వరరావు గారిది రేపల్లె. వచ్చే నెల తన మిల్లు ఆవరణలో ఆడమంటున్నారట.

"మా వాళ్ళందరూ వస్తారమ్మా" అంది. తరవాత గొంతు తగ్గించి, "ఒకటడగనా? ఆ లేపడం మీరు నేర్పలేదు కదా. ఆవిడ చేసిందే కదా" అంది.

"నాట్యంలో ఎవరు ఏం చేసినా అది కట్టినవాళ్ళదే పిచ్చమ్మా."

"అట్టాగా" అంది. "మాలో అయితే పట్టినోళ్ళదే చేప."



30 నవంబరు

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. ఇందులో కూడా అబద్ధం రాసుకుంటున్నాను. ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

బాపట్లలో తెర లేవగానే నవ్వారు. ముందు వరసలో పిల్లలు, తరవాత పెద్దవాళ్ళు. ఎవరో "మామ్మలొచ్చారర్రా" అన్నారు. పిచ్చమ్మ కదలకుండా నిలబడి నవ్వు అయిపోయేదాకా ఆగింది. ఆ తరవాత నడిచింది. రెండోసారి ఎవరూ నవ్వలేదు. ఏసమ్మ చెయ్యి లేచినప్పుడు పందిరంతా నిశ్శబ్దమైంది.

ఆఖర్న నేను నేలకి ఒరిగాను. మొదటి తాళానికి కుడికాలు మడిచాను. రెండోదానికి ఎడమకాలి మీద బరువు వేశాను. మోకాలు లోపల ఏదో పట్టు తప్పింది. నొప్పి నడుముదాకా వచ్చింది. మూడో తాళం వెళ్ళిపోయింది. హనుమయ్య గారు మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. మళ్ళీ మూడు తాళాలూ వెళ్ళిపోయాయి. నేను నేల మీదే ఉన్నాను. జనం వంక చూడలేకపోయాను. నలభై ఏళ్ళలో మొదటిసారి, తెర వేయండి అని అరవాలనిపించింది.

అప్పుడు వెనక మూల నుంచి ఆవిడ వచ్చారు. పరుగెత్తలేదు. నా ఎడమ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నా చెయ్యి తీసి తన మెడ చుట్టూ వేసుకున్నారు. నా నడుము చుట్టూ చెయ్యి వేశారు. వెంటనే లేపలేదు. ఉయ్యాల ఊపినట్టు ఇద్దర్నీ ఒకసారి ముందుకీ వెనక్కీ ఊపారు. ఇంకోసారి. మూడోసారి ముందుకి వెళ్ళినప్పుడు, "ఊఁ" అన్నారు. నాకే వినపడేంత. ఇద్దరం లేచి నిలబడ్డాం. హనుమయ్య గారి మృదంగం ఆ ఊపునే పట్టుకుని నడిచింది. మొత్తం నాట్యంలో అంత అందమైనది మరొకటి లేదు. అందులో నాది ఏమీ లేదు, బరువు తప్ప.

మోకాలు రెండేళ్ళుగా బాగా లేదు.

2 డిసెంబరు

ఏసమ్మ, పిచ్చమ్మ వెళ్ళేదాకా ఆగి సుబ్బరత్నం గారిని అడిగాను.

"ఆ ఊపడం ఎక్కడ నేర్చుకున్నారండి?"

"నేర్చుకోవడమేంటండి! మా ఆయనకి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. ఆరేళ్ళు. పొద్దున మంచం మీంచి, మధ్యాహ్నం కుర్చీలోంచి, మళ్ళీ మంచం మీదికి. ఆయన పెద్ద మనిషి, నేను పొట్టి. ఒక్కసారిగా లేపితే ఇద్దరం పడేవాళ్ళం. నాలుగైదుసార్లు పడ్డాం కూడా. అలా ఊగితే మనిషి తనే సగం లేస్తాడని తెలియడానికి ఏడాది పట్టింది." కొంగుతో ముఖం తుడుచుకున్నారు. "ఆయన పోయాక చేతులు ఊరుకోవడం లేదండి. ఎవరినో లేపాలన్నట్టే ఉంటాయి. డాక్టరు గారితో ఆ మాట అనలేక ఒళ్ళు నొప్పులన్నాను."

రెండు నెలలు ఆవిడని మూల నిలబెట్టాను. ఏమీ రాదని ఇందులో రాశాను కూడా.

"స్టేషన్లో అది నా ఆలోచనన్నాను" అన్నాను.

"విన్నానండి."

"ఎందుకు ఊరుకున్నారు?"

"మీకు అవసరమనుకున్నాను" అన్నారు.

ఇంతకంటే గట్టిగా నన్ను ఎవరూ కొట్టలేదు.

9 డిసెంబరు

నాట్యాన్ని విప్పి మళ్ళీ కట్టాం. సుబ్బరత్నం గారు మూల నుంచి మధ్యకి వచ్చారు. మా ముగ్గురికీ ఆ ఊపు ఆవిడే నేర్పారు. నేను కూడా గోడవారన శిష్యురాలిలా నిలబడి నేర్చుకున్నాను. ఆవిడ మంచి టీచరు. ఓపిక నాకంటే ఎక్కువ. ఏసమ్మని హనుమయ్య గారి మీద కూడా ప్రయత్నించమంటే, ఆయన "నేను బాగానే లేస్తున్నానమ్మా" అని మృదంగం అడ్డం పెట్టుకున్నారు.

డాక్టరుకి మోకాలు చూపించాను. అరిగిపోయింది, ఆడవద్దు అన్నాడు. ఒంటికాలి మీద బరువు వేసే పని మానేస్తానని చెప్పాను. అంతవరకే ఒప్పుకున్నాను.

22 డిసెంబరు, ఆదివారం, రేపల్లె బండిలో

పెన్సిలు కుదుపుకి వంకర పోతోంది. అయినా ఇప్పుడే రాయాలి.

మిల్లు ఆవరణలో ధాన్యం ఎండబోసే గచ్చు ఊడ్చి ఇచ్చారు. నాలుగింటికి మొదలు. రేవు నుంచి పిచ్చమ్మ వాళ్ళు యాభై మంది వచ్చి ముందు కూర్చున్నారు. పిచ్చమ్మ కనపడగానే ఎవరో "అత్తా, గంపేదే?" అని అరిచారు. "ఇంటికాడ పెట్టొచ్చాలేవే, నోర్మూసుకుని చూడు" అంది పిచ్చమ్మ. అందరితోపాటు నేనూ నవ్వాను.

మొదలయ్యే ముందు మైకు నేనే తీసుకున్నాను. "ఈ నాట్యం నేను కట్టాను. ఆఖరి ఘట్టం మాత్రం నాది కాదు. బాపట్లలో నా మోకాలు పట్టు తప్పి లేవలేకపోతే సుబ్బరత్నం గారు వచ్చి లేపారు. అక్కడ దాన్ని నా ఆలోచనగా చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ ఘట్టం ఆవిడ కట్టింది."

మైకు తిరిగి ఇచ్చేశాను. సుబ్బరత్నం గారు తల వంచుకుని నిలబడ్డారు. పిచ్చమ్మ ఆవిడ వీపు మీద ఒక్క చరుపు చరిచింది.

ఆడాం. నా గొప్ప నేనెప్పుడూ దాచుకోలేదు కనక రాస్తున్నాను, బొంబాయిలో కూడా ఇంత బాగా ఆడలేదు.

అయిపోయాక గచ్చు చివర బసవేశ్వరరావు కనిపించాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. తల్లి దగ్గరికి వచ్చాడు. నేను పక్కకి తప్పుకోబోతుంటే అన్నాడు:

"నాన్నని కుడిపక్క నుంచి కదమ్మా లేపేదానివి?"

"ఆయనకి పడిపోయింది కుడిపక్క కదరా. ఈవిడకి ఎడమ మోకాలు" అన్నారావిడ.

అతను తలూపాడు. కళ్ళు తుడుచుకోవడం నేను చూడనట్టు మిల్లు గేటు వైపు చూశాను. వెళ్ళి మా కోసం రిక్షాలు పిలుచుకొచ్చాడు. ఇప్పుడు పక్క వరస బెంచీలో ఉన్నాడు. హనుమయ్య గారితో ధాన్యం తేమ గురించి మాట్లాడుతున్నాడు.

భట్టిప్రోలు దాటింది. ఏసమ్మ నిద్రపోతోంది. సుబ్బరత్నం గారు నా ఎదురుగా కూర్చుని అరచేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. ఇందాక ఉన్నట్టుండి నవ్వారు.

"ఏంటండీ?" అన్నాను.

"బాపట్లలో మీరు చాలా బరువున్నారండి. మా ఆయనంత ఉన్నారు. ఇవాళ లేరు."

"నేనేం తగ్గలేదే. అదే మనిషిని."

"అదే మనిషండి" అన్నారు. "ఇవాళ నామీద వాలారు."